దాదీమా తర్జు ఎక్కడికి పోయింది?

మా ఖాందాన్‌లో మెహందీ రాత్రి ఢోలక్ లేకపోతే షాదీ ఇల్లులా ఉండదు. ఒకరు ఢోలక్ వాయిస్తే, ఇంకొకరు దాని చెక్క మీద చెంచాతో తాళం వేస్తారు. సమ్‌ధన్‌ని ఆటపట్టించే ఆ గీతాలు మా ఇంట్లో ఎవరూ రాసి పెట్టలేదు. అంతా జబానీ. జనగామలో దాదీమాది ఒక తర్జు. అదే పాటకు మహబూబాబాద్ ఖాలాది ఇంకో తర్జు, భూపాలపల్లి ఫుప్పూది మరొకటి.

దాదీమా ఇంతెఖాల్ తర్వాత, ఫోన్‌లో మిగిలిన రికార్డింగులు విని స్వరలిపి రాయడానికి కూర్చున్నాను. అందుకు వాడింది లిలీపాండ్. 1996లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, ముఫ్త్‌గా దొరుకుతుంది. స్వరాలను అక్షరాలుగా టైప్ చేస్తే అచ్చులాంటి పేజీ తయారవుతుంది. పాట మాటలు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. ఒక తర్జుకు పేరు పెట్టి దాచుకుంటే, కావలసినచోట ఆ పేరుతో పిలవొచ్చు. ఆ పేరునే వేరియబుల్ అంటారు. ఇన్‌క్లూడ్ అనే మాటతో ఒక ఫైలులోకి ఇంకో ఫైలును తెచ్చుకోవచ్చు.

గలతీ అక్కడే జరిగింది. మూడు ఊళ్ళకు మూడు ఫైళ్ళు చేసి, మూడింట్లోనూ తర్జుకు 'ముఖడా' అనే పేరే పెట్టాను. మూడింటినీ అసలు ఫైలు మొదట్లోనే పిలిచాను. ఒకే పేరు మళ్ళీ వస్తే లిలీపాండ్ పాతదాన్ని వదిలేసి కొత్తదాన్ని ఉంచుకుంటుంది. ఖబర్ కూడా ఇవ్వదు. అదే ఫైలు నుంచి వచ్చిన మిడీ వినిపిస్తే అమ్మీ తల అడ్డంగా ఊపింది. "ఇది దాదీమాది కాదు బేటా, ఫుప్పూది."

రిష్తేదారుల్లో కొందరు అన్నారు: "మంచిదే అయింది, ఏదో ఒక సహీ తర్జు ఉంచు, చాలు." నేను ఒప్పుకోను. ఏది సహీ అని తేల్చే హఖ్ నాకు లేదు. అవన్నీ నా దగ్గరున్న అమానత్. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి ఈ మూడు ఊళ్ళూ మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. రిష్తాలు తెగాయా? ఫైళ్ళూ అంతే, వేరుగా ఉంటూనే కలిసి ఉండాలి.

ఇప్పుడు నా తర్తీబ్ ఇది. ఢోలక్ దరువు, పేజీ కొలతలు అందరివీ కాబట్టి ఒకే ఉమ్మడి ఫైలులో ఉంటాయి. ప్రతి తర్జు పేరులో ఊరి పేరు కలిపాను. పేర్లలో అంకెలు, గీతలు పెట్టను. మాటలను తర్జు నుంచి విడిగా దాస్తాను, ఎందుకంటే ఒకే తర్జులో మాకు ఎన్నో పాటలున్నాయి. స్వరలిపికి అందని గొంతు వంపులు ఉంటాయి కాబట్టి రికార్డింగులు కూడా పక్కనే ఉంచాను.

ప్రతి ఫైలు మొదట్లో శాతం గుర్తు పెట్టి, ఎవరు పాడారో, ఏ ఊరో, ఎవరి షాదీలోనో రాస్తున్నాను. శాతం గుర్తు తర్వాత రాసింది లిలీపాండ్ పట్టించుకోదు. మన పిల్లలు మాత్రం చదువుతారు.

మీ ఇంట్లోనూ పాడే నానీమా ఉంటే, ముందు వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి. ఫైలు తర్వాత తెరవచ్చు.