సత్యం జంక్షన్‌లో వదిలి మద్దిలపాలెంలో ఆపడం ఇక చాలు!

విశాఖ వాసులారా!

మొన్న సాయంత్రం సత్యం జంక్షన్‌లో గ్రీన్ పడగానే మోటారు సైకిళ్లు ఎగబడ్డాయి. వెనక ఆటోలు, కార్లు, ఆఖర్న సిటీ బస్సు. ఆ గుంపు నడుమ సైరన్ మోగిస్తూ ఒక అంబులెన్స్. మద్దిలపాలెం చేరేసరికి రెడ్. అడ్డరోడ్డు దాదాపు ఖాళీ. అయినా ఆగాం. పక్కకు తప్పుకుందామంటే ఎవరికీ జాగా లేదు.

సిగ్నల్ వదిలిన బళ్లు గుంపుగానే వస్తాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో అర కిలోమీటరుకు పట్టేది 45 సెకన్లు. తర్వాతి సిగ్నల్‌కి అంత ఆలస్యంగా గ్రీన్ ఇస్తే గుంపు ఆగకుండా సాగిపోతుంది. రెండు సిగ్నళ్ల సైకిల్ టైము, అంటే ఒక గ్రీన్ నుంచి మళ్లీ గ్రీన్ దాకా పట్టే సమయం, ఒకటే కావాలి, అంతే. 1917లోనే అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఆరు కూడళ్ల సిగ్నళ్లను కలిపి నడిపారు. మన ట్రాఫిక్‌కు తగిన పద్ధతిని మన ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాకే తయారుచేసింది. ఇంకా దేనికోసం చూస్తున్నారు?

అసలు దారుణం సిగ్నల్‌ను చేత్తో నడపడం. రద్దీ పెరగగానే ఆటోమేటిక్ ఆపేసి, ఒకవైపు వరుస మొత్తం కరిగేదాకా గ్రీన్ పట్టుకుంటారు. మొదట బళ్లు ఒకదాన్నొకటి అంటుకుని పోతాయి. వరుస అయిపోయాక ఒకటీ అరా వస్తుంటాయి, గ్రీన్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆ సెకన్లన్నీ అడ్డరోడ్డులో నిలబడ్డవాళ్ల నుంచి లాక్కున్నవే. ఇలా వదిలిన పెద్ద గుంపు తర్వాతి సిగ్నల్ గ్రీన్‌లో పట్టదు. దాని తోక పెరిగి పెరిగి వెనక కూడలినే మూసేస్తుంది. అప్పుడు అక్కడా చేతి సిగ్నలే! ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్‌ను తిట్టి లాభం లేదు, ఆయనకు కనిపించేది ఆ ఒక్క కూడలే. మొత్తం రోడ్డును చూడాల్సినవాళ్లు చూడటం లేదు. ఇది చేతకానితనం కాదు, నిర్లక్ష్యం!

రెండువైపులా ఒకేసారి గ్రీన్లు కలపడం కుదరదంటారు. రద్దీ ఎటు ఎక్కువుంటే ఆ వేళకి అటు కుదర్చండి. అడ్డరోడ్లకు అన్యాయమంటారు. వాళ్ల సెకన్లు తగ్గించమని ఎవరడిగారు? గ్రీన్ మొదలయ్యే క్షణం మార్చమంటున్నాం. ఫ్లైఓవర్ కడతామంటారు. అది దిగిన గుంపు తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగదా?

గురుద్వారా నుంచి హనుమంతవాక దాకా సిగ్నళ్లన్నీ కలిపి నడపాలి. గదిలో కూర్చుని కాదు, రద్దీ వేళ రోడ్డు మీద తిరిగి టైములు కొలవాలి. ప్రమాదమో అంబులెన్సో వస్తే తప్ప సిగ్నల్ మీద చెయ్యి వెయ్యకూడదు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఈ కాగితం వెనక మీరు రోజూ ఆగే సిగ్నల్ పేరు, వేళ రాసి పట్టుకురండి.