ఊరు – తీరు: గాలిగోపురం నీడలో మంగళగిరి

ఈ వారం బెజవాడ పక్కకు వెళ్ళొద్దామా? చీరల మాట వినగానే గుర్తొచ్చే మంగళగిరికే! మన అల్లవరం వాళ్ళయితే అమలాపురం వెళ్ళి బెజవాడ బస్సెక్కాలి. అక్కడి నుంచి గుంటూరు రోడ్డు మీద ఇంచుమించు 12 కిలోమీటర్లు, అంతే.

ముందుగా కనపడేది కొండ, దాని కింద 11 అంతస్తుల గాలిగోపురం. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు 1807-09లో కట్టించారు. కొండ మీది పానకాల నరసింహస్వామికి నైవేద్యం బెల్లం పానకమే. తెచ్చిన పానకంలో సగం స్వామి నోట్లో పోసి, మిగతా సగం మనకు ప్రసాదంగా ఇస్తారు. అంత బెల్లం ఒలికే చోట చీమ అన్నది కనపడదని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మన అంతర్వేది స్వామిని చూసినవాళ్ళు ఈయన్నీ చూసి రావాలి మరి.

ఇక చీరల సంగతి. మన బండారులంక నేత మనకు తెలిసిందే. మంగళగిరి తీరు వేరు. ఒళ్ళంతా సాదాగా ఉంటుంది, పువ్వులూ బుటాలూ ఉండవు. అందమంతా జరీ అంచులోనే. నిజాం అంచంటే దీనికే పేరు. ఈ నేతకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

1969లో మునిసిపాలిటీ అయిన ఈ ఊళ్ళో 2011 లెక్కల ప్రకారం జనం 73 వేల పైచిలుకు. రాష్ట్రం విడిపోయాక అమరావతి పక్కనే రావడంతో ఊరి రూపే మారిపోయింది. ఎయిమ్స్ ఆసుపత్రి వచ్చింది. 2021లో తాడేపల్లితో కలిపి కార్పొరేషన్ చేశారు. ఊరు పెరిగితే సంతోషమే. కానీ నేతన్న మాటేమిటి?

అక్కడివి ఎక్కువగా గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. మేడ మీద అద్దె వాటాలో అది కుదరదు కదండీ! వానాకాలం గుంటలో నీళ్ళూరితే మగ్గం ఆగుతుంది, ఆ రోజుల కూలీ పోతుంది. స్థలం ధర పెరిగే ఊళ్ళో ఆ కాస్త నేల నిలుపుకోవడమే కష్టం. నేసేది ఆయనైతే కండెలు చుట్టేది ఇంటి ఇల్లాలు. వంటా వార్పూ మధ్య ఆవిడ చేసే ఆ పనికి విడిగా కూలీ లెక్క ఉండదు. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

అందుకే చీర కొనేటప్పుడు చేనేత గుర్తు ఉందో లేదో చూడండి. మరీ చవగ్గా ఇస్తానంటే మరమగ్గం చీరేమోనని ఒకసారి అడగండి. నేసేవాళ్ళ దగ్గరే కొనగలిగితే మరీ మంచిది.

అన్నట్టు, మొదటి రెండు మూడు సార్లు చన్నీళ్ళలో విడిగా జాడించండి. అంచుకు బ్రష్షు తగలనివ్వకండి. పల్చటి గంజి పెట్టి నీడన ఆరేస్తే చీర ఎన్నేళ్ళైనా ముచ్చటగా ఉంటుంది.

వచ్చేవారం మరో ఊరు చూద్దాం!