చిక్కుడుకాయల కూరకు జ్యేష్ఠత్వం అమ్ముకుందామా?

  పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చివరిదాకా చదవండి.

మనతోటి చదివిన ఒక తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరంల కాలేజీ బంద్ చేసిండు. ఫైనాన్స్‌ల బైక్ తీసుకుని హైదరాబాద్ పోయి పార్సిళ్లు వేస్తున్నడు. మొదట్ల మనమే ఆ ఫోటోకు లైకులు కొట్టినం. ఇప్పుడు ఆ బైక్ కిస్తీ కట్టనీకే పొద్దు మాపు ఆ బైక్ మీదనే తిరుగుతున్నడు. లెక్క చూడండి: నెలకు 4,000 చొప్పున 36 నెలలంటే 1,44,000 రూపాయలు. దాంతోని పాటు పోయిన డిగ్రీకి మాత్రం ఏ ఫైనాన్స్ కంపెనీ లెక్క కట్టదు.

ఆదివారం నాడు మనం ఎన్నోసార్లు విన్న ఏశావు కథ ఇదే కదా. అడవిల తిరిగి అలసిపోయి వచ్చిండు, ఎర్రగ ఉడుకుతున్న చిక్కుడుకాయల కూర చూసిండు, ఒక్క పూట తిండికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నడు. తర్వాత ఎంత ఏడ్చినా పోయిన దీవెన తిరిగి రాలేదు.

కానీ ఈ కథ చెప్పేటప్పుడు ఒక మాట మనం దాటేస్తం. ఏశావు ఆకలి అబద్ధం కాదు. ఆకలి మీదున్నోడికి అన్నం పెట్టకుండ బేరం పెట్టింది సొంత తమ్ముడే. పాలమూరు బిడ్డలకు ఈ బేరం కొత్త కాదు. గుంపు మేస్త్రీ తండాకొచ్చి అడ్వాన్స్ చేతుల పెడితే, పెండ్లి అప్పో, దవాఖాన అప్పో తీర్చుకుని, మన తాతలు ముంబై దాకా, ఎక్కడెక్కడి డ్యాముల పనులకో బతుకపోయిన్రు. అడ్వాన్స్ ఒక్కరోజుల ఖర్చయింది, తీర్చనీకే ఏండ్లు పట్టింది. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకు వేరే తొవ్వ లేకుండె. మనకు ఉంది. తేడా అంతే.

ఆ తొవ్వే మన జ్యేష్ఠత్వం. ఆంధ్ర ప్రాంతంల సుగాలీలు అప్పటికే ఎస్టీలు, తెలంగాణల లంబాడీలకు మాత్రం ఆ గుర్తింపు 1976 చట్ట సవరణతోనే వచ్చింది. రాష్ట్రంల ఎస్టీ రిజర్వేషన్ 2022ల 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. ఇంకొక సంగతి, చర్చికి పోయే పిల్లలు చాలామంది భయపడుతుంటరు కాబట్టి చెప్తున్నం: ఎస్సీల 1950 నాటి ఉత్తర్వుల ఉన్న మతం షరతు ఎస్టీల ఉత్తర్వుల లేదు. యేసును నమ్మినందుకు మన సర్టిఫికెట్ పోదు. కానీ ఇంటర్ దగ్గరే ఆగిపోతే సర్టిఫికెట్ పెట్టెల ఉండి ఏం లాభం? హక్కు మన పేరు మీదనే ఉంటది, ఉద్యోగం వేరేటోళ్లకు పోతది.

"ఓపిక పట్టండి" అని చెప్పుడు అలకనే. కడుపు నిండినోడు చెప్తే ఇంకా అలకన. అందుకే యోసేపును చూద్దాం. అన్నలు అమ్మేసిన నాడు ఆయనకు 17 ఏండ్లు, అంటే మన ఇంటర్ వయసు. ఫరో ముందర నిలబడ్డ నాడు 30. నడుమ 13 ఏండ్లు గుంత, ఊడిగం, జైలు. మన అక్క ఒకామె గ్రూప్స్‌కు మూడోసారి చదువుతున్నదని నవ్వుతున్నరు కదా, ఆ 13 ఏండ్లు యాదికి తెచ్చుకోండి. అయితే యోసేపు ఖాళీగ ఎదురుచూడలేదు. జైల్లున్నా చేతికొచ్చిన పని నమ్మకంగ చేసిండు. అధికారం వచ్చినంక పంట బాగున్న ఏడు ఏండ్లు ఐదో వంతు దాచిపెట్టి, కరువు ఏడు ఏండ్లు దేశాన్ని బతికించిండు. విశ్వాసం అంటే చేతులు కట్టుకుని కూర్చునుడు కాదు, గాదె కట్టుడు.

మన దిక్కు కూడా గాదె కట్టినోళ్లున్నరు. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి దిక్కు పనిచేసిన మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ వాళ్లు ప్రార్థనతోని ఆగలేదు. బడులు, హాస్టళ్లు నడిపిన్రు, జడ్చర్లల ఆసుపత్రి కట్టిన్రు. ఆ నీడ వాళ్ల కాలం దాటి ఇప్పటి దాకా వచ్చింది.

ఇప్పుడు అసలు మాట. కొందరికి కోపం రావచ్చు. మన తండాలల్ల క్రిస్మస్‌కు చందాలేసి డీజే పెడుతున్నం, లైటింగ్ పెడుతున్నం, పక్క తండాకంటే పెద్ద స్టేజీ కడుతున్నం. పండుగ వద్దనడం లేదు. పాటలు పాడుదాం, అందరం కూర్చుని తిందాం. కానీ అదే నెలల ఒక చెల్లె పరీక్ష ఫీజు కట్టలేక, స్కాలర్‌షిప్ పడక, యాడి-బాపులకు బరువైతున్నదని పెండ్లికి తలూపుతున్నదంటే, ఆ స్టేజీ మీద మనం ఎవరి పుట్టుక జరుపుకుంటున్నట్టు? ఏశావును తిట్టుడు కాదు, ఏశావుకు ఆకలైన నాడు బేరం లేకుండ అన్నం పెట్టే తమ్ముడు కావాలె. సంఘం అంటే అదే.

అందుకే ఒక్కటే అడుగుతున్నం. యోసేపు లెక్కనే పెట్టుకుందాం, ఐదో వంతు. పండుగ చందాల ఐదో వంతు పక్కకు పెట్టి పరీక్ష ఫీజులకు, దరఖాస్తు ఫీజులకు ఇద్దాం. లెక్క నోటుబుక్కుల రాసి అందరికీ చూపిద్దాం. చర్చికి పోయేటోళ్లు, పోనోళ్లు అని చూడొద్దు. అమ్రాబాద్ పెంటలల్ల చెంచు పిల్లలు కూడా మన తమ్ముళ్లే. ఇక మనలో ఎవరైనా ఫైనాన్స్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్క రాత్రి ఆగి, ఇంట్ల పెద్దోళ్లతోని, చదివిన అన్నతోనో అక్కతోనో మాట్లాడుదాం.

ఆ బైక్ తమ్ముణ్ణి మొన్న కలిసినం. ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ పూర్తి చేసుకో, అడ్మిషన్ ఫీజు మనమందరం ఏస్తమన్నం. తల వంచుకుని, "సెలవు దొరకదన్నా" అన్నడు. కొంచెంసేపటికి, "ఆదివారం క్లాసులుంటయా?" అని అడిగిండు.

ఉంటయా లేదా కనుక్కుని చెప్తమని మాటిచ్చినం. ఏశావుకు తలుపు మూసుకుపోయిందేమో గని, ఈ తమ్ముడికి ఇంకా తెరిచే ఉంది. మూసుకుపోకముందే మనమందరం కలిసి పట్టుకుందాం.

మీ తండాల ఎవరైనా ఇట్ల నడుమల ఆగిపోయి ఉంటే, ఈ వారంలనే వాళ్లింటికి పోయి మాట్లాడండి.