ట్యాంకులో వేసిన క్లోరిన్ చివరి కుళాయికి చేరుతోందా?

విజయనగరం: జిల్లాలోని గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలినప్పుడు మృతులెందరన్న దానిపై అధికారులకూ, గ్రామస్థులకూ లెక్క కుదరలేదు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి చూశారు. ప్రభుత్వం సీనియర్ ఐ.ఏ.ఎస్. అధికారిని విచారణకు నియమించింది. తాగునీటి కాలుష్యంపైనే అందరి అనుమానం.

జబ్బు రాగానే ట్యాంకులో బ్లీచింగు కలపడం ఏ ఊళ్లోనైనా జరిగేదే. అది చాలదు. మురుగు కాలువలోంచి పోయే పైపు ఎక్కడైనా పగిలి ఉంటే, సరఫరా ఆపిన వేళ మురుగు అందులోకి చేరుతుంది. ట్యాంకులో వేసిన క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోతుంది. అందుచేత ఊరి చివరి కుళాయి వద్ద కూడా పరీక్ష జరపాలి. అక్కడ లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన. పరీక్ష నిమిషాల పని. పెట్టె పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంటే మాత్రం ఎవరికి ప్రయోజనం?

అతిసారంలో ప్రాణాపాయం ఎక్కువగా ఒంట్లోని నీరు, లవణాలు తగ్గిపోవడం వల్లనే. విరేచనాలవుతుంటే నీళ్లివ్వకూడదనే పెద్దలు ఇంకా ఉన్నారు. అది పొరపాటు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి, మొదటినుంచే కొద్దికొద్దిగా తాగించాలి. పసిపిల్లలకు కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.