దలాల్ భాయ్, ఆపా దస్తఖత్ ఏదీ?

ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా మనవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "ఎవరైనా మంచి దలాల్ ఉన్నాడా భాయ్?" మంచి అంటే ఏమిటో మాత్రం అడగరు. మనోడైతే చాలు. నమాజీ అయితే ఇంకా మంచిది. మసీదులో మన సఫ్‌లోనే నిలబడేవాడైతే ఇక కాగజాత్ కూడా చూడరు.

ఈ లెక్క నాకు నచ్చదు. నమాజ్ అతనికీ అల్లాకూ మధ్య ముఆమలా. ఇల్లు మనకూ అతనికీ మధ్య ముఆమలా. రెండోదానికి వేరే పరీక్ష కావాలి. వార్తల పని మీద వరంగల్‌లో ఇన్నేళ్లుగా ఆస్తి తగాదాలు చూసిన అనుభవంతో నేనొక పరీక్ష చెబుతాను. దలాల్ మొదట ఏం అడుగుతున్నాడో వినండి. "ఎంతకిస్తారు?" అని మొదలుపెట్టేవాడు వేరు. "అబ్బాజాన్‌కు ఎంతమంది ఔలాద్? ఆడపిల్లలు ఎందరు?" అని మొదలుపెట్టేవాడు వేరు. నేనైతే రెండోవాడి దగ్గరికే వెళ్తాను.

ఎందుకంటే మండి బజార్, చార్‌బౌలి, కాజీపేట లాంటి పాత మొహల్లాల్లో చాలా ఇళ్లు ఇంకా దాదా పేరు మీదో, అబ్బా పేరు మీదో ఉన్నాయి. పెద్దాయన ఇంతిఖాల్ అయ్యాక విరాసత్ పంచుకోరు. అన్నదమ్ములు మధ్యలో గోడ కట్టుకుని ఉంటారు. అక్కాచెల్లెళ్లు ససురాల్‌లో ఉంటారు. అమ్మే రోజు వచ్చేసరికి దలాల్ సలహా ఇస్తాడు: "ఆపా వాళ్లకు ఏదో చేతిలో పెట్టండి, కాగితం మీద భాయీలు ఉంటే సరిపోతుంది."

సరిపోదు. హిసాబ్ చూడండి. తండ్రి పోయాడు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఇల్లు 48 లక్షలు. షరియత్ ప్రకారం తల్లికి ఎనిమిదో వంతు, అంటే 6 లక్షలు. మిగిలిన 42 లక్షల్లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఒక్కో కొడుక్కి 14 లక్షలు, ఒక్కో కూతురికి 7 లక్షలు. అన్నదమ్ములు అమ్మగలిగింది వాళ్ల 28 లక్షల హిస్సా మాత్రమే. తల్లి, ఆడపిల్లల 20 లక్షల హిస్సా వాళ్ల దస్తఖత్ లేకుండా చేతులు మారదు. కొన్నవాడు 48 లక్షలు పోసి, రేపు కోర్టులో బట్వారా దావాకు జవాబు చెప్పుకుంటాడు. కమీషన్ తీసుకున్న దలాల్ మాత్రం ఆ దావాలో ఎక్కడా కనిపించడు.

"ఈసీ తీశాను, క్లియర్‌గా ఉంది" అంటాడు దలాల్. ఈసీలో కనిపించేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. మన ఘరానాల్లో జుబానీ హిబా ఉంటుంది. తండ్రి బతికుండగానే "ఈ పోర్షన్ నీదే" అని ఇచ్చి, తీసుకున్నవాళ్లు ఖబూల్ చేసి, కబ్జా కూడా అప్పగిస్తే అది చెల్లుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన హఫీజా బీబీ వర్సెస్ షేక్ ఫరీద్ కేసులో 2011లో కోర్టు అదే చెప్పింది. ముస్లిం ఇచ్చిన హిబా కాగితం మీద రాసినంత మాత్రాన దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదంది. ఆ ఇంటి ఈసీ వంద సార్లు తీసినా హిబా కనిపించదు. ఇంట్లో ఎవరుంటున్నారు, ఎప్పటి నుంచి, ఏ హక్కుతో అని తలుపు తట్టి అడిగే దలాలే దాన్ని పట్టుకోగలడు.

జెద్దాలోనో దుబాయ్‌లోనో ఉన్న భాయ్ జీపీఏ పంపాడంటే ఇంకో జాగ్రత్త. ఇచ్చినవాడు పోతే మామూలుగా ఆ జీపీఏ కూడా పోయినట్టే. వీడియో కాల్‌లో అతని ముఖం చూపించి, అతని నోటితోనే "హా, నేనే ఇచ్చాను" అనిపించే దలాల్ కావాలి. జాగా వక్ఫ్‌దేమో కూడా అతను ముందే చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఎ కింద నిషేధిత జాబితా ఉంది. వక్ఫ్ జాగా చవగ్గా వస్తోందని కొనడం గునాహ్ అవుతుంది, నష్టం కూడా.

కొత్త ప్లాట్ల సంగతి వేరు. మామునూరు ఎయిర్‌పోర్టు పేరు, టెక్స్‌టైల్ పార్కు పేరు చెప్పి అమ్మేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టులో ప్లాటు అమ్మిపెట్టే ఏజెంటు తానూ రెరాలో రిజిస్టర్ అయి ఉండాలి. లేకపోతే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జుర్మానా. అతని నంబర్, లేఔట్ నంబర్ రెండూ అడిగి తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో చూసుకోండి. రాతపూర్వక అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి బయానా తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. కానీ మొహల్లాలో పాత ఇల్లు చేతులు మారేటప్పుడు రెరా మనల్ని కాపాడదు. అక్కడ దలాల్ దయానత్, మన హోషియారీ, ఒక వకీల్ సాబ్ సలహా, ఇవే దిక్కు.

కమీషన్ మాట కూడా ముందే తేల్చుకోవాలి. ఒక శాతమో రెండు శాతమో ఏదైనా సరే, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అన్నది రాసుకోండి. ఇద్దరి దగ్గరా తీసుకుంటే ఆ సంగతి ఇద్దరికీ తెలియాలి. అమ్మేవాడికి 40 అని, కొనేవాడికి 46 అని చెప్పి మధ్యలో ఆరు లక్షలు మింగే పద్ధతి మన దగ్గర ఉంది. పైన వచ్చింది నువ్వే తీసుకో అని యజమాని ఒప్పుకుంటే జాయిజా కాదా అన్న దానిపై ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది. యజమానికి తెలియకుండా దాచడం ధోకా అనడంలో మాత్రం ఇఖ్తిలాఫ్ లేదు. "మనవాళ్ల మధ్య రాతకోతలు ఎందుకు" అనే దలాల్‌కు సూరా బఖరా 282వ ఆయత్ గుర్తు చేయండి. అప్పు ముఆమలా రాసుకోమని, గవాహ్‌లను పెట్టుకోమని చెప్పిన ఆ ఆయత్‌లో అయినవాళ్లకు మినహాయింపు లేదు.

ఇక దలాల్‌ల తరఫున ఒక మాట. ఆడపిల్లల హిస్సా గురించి అడిగే దలాల్‌లు మన ఊళ్లో లేకపోలేదు. వాళ్లకు గిరాకీ తక్కువ. "నువ్వు ఇల్లు అమ్మిపెడతావా, మా ఇంట్లో ఫసాద్ పెడతావా?" అని మనమే వాళ్లను గుమ్మం దించుతాం. ఆపా సంగతి ఎత్తని దలాల్‌ను ఏరికోరి తెచ్చుకుంటాం. కొనేవాడు కూడా చవగ్గా వస్తోందని కళ్లు మూసుకుంటాడు. దలాల్ చెడిపోయాడని తిట్టే ముందు ఆ ధర ఎందుకు తగ్గిందో ఆలోచించాలి. అందులో ఒక చెల్లెలి ఏడు లక్షలు ఉన్నాయి.

ఇల్లు అమ్మేవాళ్లు దలాల్‌ను పిలిచే ముందే అక్కాచెల్లెళ్లకు ఫోన్ చేయండి. కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందే వారిసులందరి పేర్లు కాగితం మీద రాసిమ్మని దలాల్‌ను అడగండి. ఆ మాటకు ముఖం మాడ్చుకునేవాడితో సౌదా వద్దు.