ఎందుకొచ్చిందని అడిగిన ఆ గంట

మా అమ్మకు అరవై మూడేళ్లు. నాన్నా తనూ ఉయ్యూరు దగ్గర మా ఊళ్లోనే ఉంటారు. రెండేళ్లలో ఆవిడ మందుల సంచీలోకి ఐదు రకాల మాత్రలొచ్చి చేరాయి. మోకాళ్ల నొప్పులకు ఒకటి. అది వేసుకుంటే కడుపులో మంటగా ఉంటోందని ఇంకొకటి. బీపీకి ఒకటి, అది చాలట్లేదని మరొకటి, కాళ్లు వాస్తున్నాయని ఐదోది. వీటిలో ఏదీ తప్పుడు మందు కాదు. రాసిన డాక్టర్లు చెడ్డవాళ్లూ కారు. ఒక్కొక్కరి గది బయట నలభై మంది కూర్చుని ఉంటారు. లోపల మనకు దక్కేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో "ఏంటమ్మా బాధ?" అని అడగగలరు, బాధకు మందు రాయగలరు. అది ఎందుకొచ్చిందో అడగాలంటే వేళ చాలదు.

అడిగిన మనిషి ఒక్కతే. విజయవాడ మొగల్రాజపురంలో ఒక సందులో, రెండు గదుల ప్రకృతి వైద్యశాల ఆ అమ్మాయిది. ముప్పై ఏళ్లుంటాయేమో. ప్రకృతి వైద్యం, యోగాలకు ఐదున్నరేళ్ల డిగ్రీ అయిన బీఎన్‌వైఎస్ చదివిన డాక్టరు. గోడ మీద పెద్ద పెద్ద హామీలేమీ లేవు. బల్ల మీద తెల్లకాగితాల కట్ట, పెన్ను, బీపీ చూసే మిషను. మేం వెళ్లిన రోజు అమ్మను గంటా పది నిమిషాలు కూర్చోబెట్టింది. నాడి చూసింది, బరువు చూసింది, పాదం మీద వేలితో నొక్కి గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసింది. మిగతా అంతా అడగడమే.

"రాత్రి భోజనం ఎన్నింటికి పెద్దమ్మగారూ?"

"సీరియళ్లు అయ్యాక, తల్లీ. తొమ్మిదిన్నరవుతుంది."

"పెరుగన్నంలో ఏం నంజుకుంటారు?"

"మాగాయ. లేకపోతే ఊరమిరపకాయ. ఒక్కోసారి రెండూను."

"ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు ఎన్నాళ్లొస్తుంది?"

అమ్మ ఆగిపోయింది. నలభై ఏళ్లుగా వంట చేస్తున్న మనిషిని ఆ మాట ఎవరూ అడగలేదు. వేళ్ల మీద లెక్కేసి, నెలన్నర అంది. డాక్టరమ్మ కాగితం మీద భాగహారం చేసి మా వైపు తిప్పింది. ఇద్దరు మనుషులు, నలభై ఐదు రోజులు. మనిషికి రోజుకు పదకొండు గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఐదు గ్రాములు. మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు ఈ లెక్కలోకి రాలేదు.

తర్వాత గేదెల సంగతి అడిగింది. ఎప్పటిదాకా పాడి ఉండేది, ఎన్ని ఉండేవి, గడ్డి ఎవరు కోసుకొచ్చేవారు, నాట్లకు ఎన్నేళ్లు వంగారు. నాలుగేళ్ల కిందట గేదెల్ని అమ్మేశాం. అప్పటినుంచి అమ్మ బరువు పదకొండు కిలోలు పెరిగింది. గేదెలు పోయాయి గానీ గేదెలున్ననాటి తిండి పోలేదు. చాకిరీ తగ్గినా కంచంలో అన్నం తగ్గలేదు. ఆ బరువంతా మోస్తున్నవి ముప్పై ఏళ్లు నాట్లేసి అరిగిన మోకాళ్లే.

చివరికి మందుల సంచీ బల్ల మీద బోర్లించమంది. చీరల కొట్టువాళ్లిచ్చిన గుడ్డసంచీ అది. మాత్రల పట్టీలన్నీ వరసగా పేర్చి, నొప్పిమాత్ర పట్టీ ఒక్కటీ తీసి పక్కన పెట్టింది. "ఇది ఎవరు రాశారు, ఎన్నాళ్లకు రాశారు?" డాక్టరు రాసింది ఐదు రోజులకు. మా అమ్మ ఆ ఖాళీ పట్టీ చూపించి మందుల షాపులో రెండేళ్లుగా కొంటోంది. రోజుకు రెండు. ఆ జాతి నొప్పిమాత్రలు ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలవుండిపోవచ్చు, బీపీ పెరగొచ్చు, కాళ్లకు నీరు దిగొచ్చు, కడుపులో పుండు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. అంటే సంచీలోని ఐదు మందుల్లో నాలుగింటికి ఆ ఒక్క పట్టీతో చుట్టరికం ఉంది. మాకు అయిదు జబ్బులుగా కనబడ్డది ఆ అమ్మాయి చేతిలో ఒక్క దారంగా తేలింది. మోకాలి దగ్గర మొదలై, మందుల షాపు గుండా నడిచి, బీపీ మిషను దాకా వచ్చిన దారం.

అప్పుడు కూడా ఆవిడ మందులన్నీ పారేయమనలేదు. బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని రెండుసార్లు చెప్పింది. ఫిజీషియనుకు తన చేత్తో ఉత్తరం రాసి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించమంది. అది గీత మీద ఉందని తేలింది. నొప్పిమాత్రలు ఆ డాక్టరే ఆపించాడు. మోకాళ్లకు వేడి, చన్నీళ్ల కాపడాలు, తొడ కండరాలకు వ్యాయామం, ఏడింటికే రాత్రి భోజనం, ఊరగాయ ఆదివారం మాత్రమే. ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. ఒక బీపీ మాత్రా వాపు మాత్రా ఫిజీషియనే తీసేశాడు. రెండో బీపీ మాత్ర ఇంకా ఉంది, బహుశా ఉంటుంది కూడా. అద్భుతం జరిగిందని నేననను. ఒకరు అడిగారు. అడిగినందువల్ల కారణం దొరికింది. అంతే జరిగింది.

నా గోడంతా ఆ గంటకు ఈ దేశంలో ధర లేదనే. ఆవిడ తీసుకున్నది మూడు వందల రూపాయలు. అమ్మ పేరిట నేను కడుతున్న పాలసీలో ఆయుష్ వైద్యం అని అచ్చేసి ఉంది కదా అని రసీదు పంపితే, ఆసుపత్రిలో చేరి ఇరవై నాలుగు గంటలు పడుకుంటేనే ఇస్తామని తిప్పి పంపారు. అంటే మంచమెక్కాక చేసిందే వైద్యం. మంచమెక్కకుండా ఆపింది లెక్కలోకి రాదు. రేపు అమ్మ మూత్రపిండాలు పోయి, వారానికి మూడుసార్లు డయాలిసిస్ గది ముందు కూర్చుంటే ఖర్చు పెట్టడానికి పథకాలున్నాయి. ఉండాల్సిందే, వాటిని తప్పుపట్టను. అక్కడికి పోకుండా దారి మళ్లించిన గంటకు మాత్రం ఏ కాగితంలోనూ పేరు లేదు.

ఇంకా బాధేమిటంటే, ఇది మనకు నిన్న మొన్న వచ్చిన చదువు కాదు. లైప్‌జిగ్ నగరంలో లూయీ కూనే అనే ఆయన జర్మన్ భాషలో రాసిన ప్రకృతి చికిత్స పుస్తకాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ఈ ఉద్యమం కథ చెప్పేవాళ్లంతా ఆ తెలుగు పుస్తకంతోనే మొదలుపెడతారు. హిందీ, ఉర్దూ చదివేవాళ్లకు ఆ పుస్తకం అందింది మరో పదేళ్లకు, 1904లో, బిజ్నూరుకు చెందిన శ్రోతి కిషన్ స్వరూప్ చేతి మీదుగా. గాంధీగారు అదే కూనేనూ, మరో జర్మన్ ప్రకృతి వైద్యుడు అడాల్ఫ్ జస్ట్‌నూ చదివి, తన ఒంటి మీద మట్టిపట్టీలు వేసుకుని చూసి, 1946లో పుణే దగ్గర ఉరుళీకాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమం పెట్టారు. ఉరుళీకాంచన్ పేరు చాలామందికి తెలుసు. వెంకటాచలపతి శర్మ పేరు చెప్పమంటే తెలుగునాట ఎంతమంది చెప్పగలరు? ఆయన పేరిట బెజవాడలో ఒక వీధి నేను చూడలేదు, ఒక ఫొటో చూడలేదు.

కూనే సిద్ధాంతాన్ని నేను నెత్తిన పెట్టుకోను. జబ్బులన్నీ ఒక్కటేననీ, ఒంట్లో పేరుకున్న మలినమే అన్నిటికీ మూలమనీ ఆయన అన్నాడు. సూక్ష్మక్రిములను కళ్లారా చూశాక ఆ మాట నిలవదు. కానీ బాధ దగ్గర ఆగిపోకుండా దాని వెనక్కి, తిండి దాకా, నిద్ర దాకా, చేసే పని దాకా నడవాలన్న పట్టుదల నిలిచింది. అది నిలవాల్సిన నేల ఏదైనా ఉంటే అది మన కృష్ణా, గోదావరి డెల్టాలే.

ఎందుకంటారా? బెరిబెరి వల్ల. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె ఆగిపోయే ఆ జబ్బు భారతదేశంలో ఎక్కువగా పాతుకుపోయింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి కాలవలు పారాక వరి మన అన్నమైంది. మరలొచ్చాక దంపుడు బియ్యం పోయి, పాలిష్ పట్టిన పచ్చిబియ్యం మన గౌరవమైంది. తవుడు గేదెలకు పోయింది, తెల్లన్నం మనకు మిగిలింది. పక్కనే ఉప్పుడు బియ్యం తినే తమిళులను ఆ జబ్బు అంతగా పట్టలేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పై పొరలోని బి1 విటమిను గింజలోకి ఇంకుతుంది మరి. ఈ జబ్బు సంగతి తేల్చడానికే వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి విచారణ కేంద్రం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. అంత పెద్ద సంస్థ పుట్టుకలో మన కోస్తావాళ్ల వాచిన కాళ్లున్నాయి. ఆ వాపుకు మందు వెతికి ఊరుకుంటే కారణం దొరికేది కాదు. మనుషులేం తింటున్నారో, వడ్లు ఎక్కడ మర పట్టిస్తున్నారో, తవుడు ఎటు పోతోందో అడిగితేనే దొరికింది. మొగల్రాజపురం గదిలో ఆ అమ్మాయి ఉప్పు ప్యాకెట్టు గురించి అడిగింది ఆ దారిలో నడిచే.

అడగడం మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో ఏలూరు చూసింది. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి వందల మంది నోట్లో నురగతో, మూర్ఛతో పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ఎయిమ్స్ చెప్పింది. నీళ్లా, కూరగాయలా అని వెతికి, చివరికి పురుగుమందులై ఉండొచ్చన్నారు. రోగుల్లో దాదాపు అందరూ కోలుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్న ప్రశ్న మాత్రం ఆసుపత్రి వరండాలోనే మిగిలిపోయింది.

మన దగ్గర ప్రకృతి వైద్యానికి చోటే లేదని కాదు. భీమవరంలో ప్రకృతి ఆశ్రమం ఉంది. కృష్ణా కరకట్ట మీద మంతెన సత్యనారాయణ రాజు గారి ఆరోగ్యాలయం ఉంది. ఉప్పూ నూనే లేని వంట అనే మాట ఇంటింటా వినబడిందంటే ఆయన వల్లనే. బీఎన్‌వైఎస్ పరీక్షలు పెట్టే ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ బెజవాడలోనే ఉంది. కానీ పార్లమెంటు 2020లో భారతీయ వైద్య పద్ధతుల జాతీయ కమిషన్ చట్టం చేసినప్పుడు ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పాలకు చోటిచ్చి, యోగ, ప్రకృతి వైద్యాలను గుమ్మం బయటే నిలబెట్టింది. ఆయుష్ అన్న పేరును ఇంగ్లీషులో రాస్తే రెండో అక్షరం యోగ, ప్రకృతి వైద్యాలదే. పేరులో ఉండి చట్టంలో లేకపోవడం ఎంత అవమానమో చూడండి! చట్టం ఉంటే ఏం వస్తుందంటే, చదివినవాడికీ చదవనివాడికీ మధ్య గీత వస్తుంది. ఆ గీత సరిగ్గా లేకనే, ఇన్సులిన్ మానేయండి, కాన్సరు కరిగిస్తాం అనే ప్రతివాడూ తాను ప్రకృతి వైద్యుణ్ణని బోర్డు కట్టుకుంటున్నాడు. వాళ్ల చేతుల్లో ప్రాణాలు పోతున్నాయి, ఆ నింద మాత్రం మూడు వందలకు గంట సేపు కూర్చునే అమ్మాయి మీద పడుతోంది. ప్రకృతి వైద్యానికి అంతటి ప్రచారం తెచ్చిన గాంధీగారే 1924లో అపెండిసైటిస్ వస్తే పుణేలో సాసూన్ ఆసుపత్రిలో కత్తికి ఒళ్లప్పగించారు. కత్తి అవసరమైన చోట కత్తి. అడగడం అవసరమైన చోట అడగడం. ఈ రెండోదానికి ఎవరూ చోటివ్వట్లేదనే నా మొర.

నేను కోరేది పెద్ద కోరికేం కాదు. ప్రతి పెద్దాసుపత్రిలో ఒక గది, ఒక బల్ల, ఇద్దరు బీఎన్‌వైఎస్ డాక్టర్లు. బీపీకి మూడో మాత్ర రాయబోయే ముందు రోగిని ఆ గదికి పంపండి, గంట సేపు అడగనివ్వండి. ఏం దొరికిందో రాసిపెట్టండి. ఐదేళ్ల తర్వాత ఆ కాగితాలన్నీ లెక్కేసి, ఉపయోగం లేకపోతే గది మూసేయండి, నేనేమీ అనను. లెక్కే చూడకుండా పనికిరాదనడం మాత్రం అన్యాయం.

ఆ రెండు గదుల వైద్యశాల ఇప్పుడు లేదు. అద్దె కట్టలేక మూసేసింది. అక్కడ రక్తపరీక్షల సేకరణ కేంద్రం వచ్చింది. ఆ అమ్మాయి ఎక్కడో పెద్ద ప్రకృతి చికిత్సా కేంద్రంలో జీతానికి చేరింది. మూడు రోజులకు ఇంత, వారానికి ఇంత అని ప్యాకేజీలు. మొన్న ఫోను చేస్తే, "ఇక్కడ కేసు షీటు ఒక్క పేజీయేనండీ, టిక్కులు పెడితే చాలు" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

అమ్మ కేసు షీటు పదకొండు పేజీలు. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోనే దాన్నీ దాచింది. ఉయ్యూరులో బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా ఆ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. పోయిన నెల నేను కూడా వెళ్లాను. మా వంతు రాగానే అమ్మ కాగితాలు బయటికి తీసి, "ఆ అమ్మాయి ఇందులో అంతా రాసిందండీ, ఒక్కసారి చూస్తారా" అంది. ఆయన మొదటి పేజీ చూశాడు, కాగితాల మందం చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను చూశాడు. "మంచిదమ్మా, జాగ్రత్తగా ఉంచుకోండి" అని బెల్లు కొట్టాడు.