చేతులు బరువెక్కినప్పుడు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 17:8-13, హబక్కూకు 3:16-19



ఈ శీర్షికలో సాధారణంగా దేవుడు చేసిన మేలులను గూర్చి వ్రాస్తూ ఉంటాను. ఈ నెల నా తప్పు ఒకటి చెప్పదలిచాను. నిరుత్సాహంలో ఉన్నవారికి ఇది మేలు చేస్తుందనీ, నిరుత్సాహంలో ఉన్నవారి ప్రక్కన నివసించే మనకు ఇంకా ఎక్కువ మేలు చేస్తుందనీ నమ్ముతున్నాను.

మా సంఘంలో ఒక సహోదరి ఉన్నది. భార్యాభర్తలిద్దరూ రెండెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేసేవారు. భర్తకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు పట్నం తీసుకువెళ్ళి డయాలసిస్ చేయించేది. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయ్యేది. రెండేళ్ళు అలా గడిచాయి. సంఘమంతా ప్రార్థించాము. ఉపవాసమున్నాము. నూనె రాసి ప్రార్థించాము. ఒక ఆదివారం ఉదయం మేము ఆరాధనలో మొదటి కీర్తన పాడుతుండగా ఆ సహోదరుడు ఇంటివద్ద కన్నుమూశాడు.

మూడవ రోజున ఆదరణ కూడిక పెట్టుకున్నాము. అందులో పెద్దవారొకరు లేచి, విశ్వాసంతో అడిగినవారికి దేవుడు ఇవ్వకుండా ఉండడనీ, ఈ ఇంట్లో ఎక్కడో విశ్వాసం కొరవడిందనీ అన్నారు. ఆ మాట తప్పని నాకు తెలుసు. కాని ఆయన సంఘంలో పలుకుబడి గలవారు. పైగా, దాచకుండా చెబుతున్నాను, అంత ప్రార్థించినా జవాబు రాలేదేమిటన్న ప్రశ్న నా లోపలే ఉన్నది. తల వంచుకొని ముగింపు ప్రార్థన చేసి ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాతి ఆదివారం ఆమె గుడికి రాలేదు. ప్రభువు బల్ల ఆదివారం కూడా రాలేదు. దిగులు మీద ఉన్నది, కొన్నాళ్ళకు తనే వస్తుందిలే అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉన్నది.

మూడు నెలలకు వెళ్ళాను. వరండాలో కూర్చొని కూలికి మిరపకాయల తొడిమలు తీస్తున్నది. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. నేను బైబిలు తెరవబోతుండగా ఆమే మాట్లాడింది.

"అయ్యగారూ, ఆయన పోయాడని నాకు దేవుడి మీద కోపం లేదండీ. పుట్టినవాళ్ళం ఎప్పటికైనా పోవలసినవాళ్ళమే. కాని నా విశ్వాసం చాలకే పోయాడన్నారే, ఆ మాట మీరూ విన్నారు. విని ఊరుకున్నారు. మీరు కూడా అదే అనుకుంటున్నారని గుడికి రాలేకపోతున్నానండీ."

వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివే రోజుల్లో యోబు గ్రంథం మీద పరీక్ష వ్రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ వరండాలో మాత్రం తప్పాను. "లేదమ్మా, నేను అలా అనుకోవడం లేదు. ఆ రోజున ఆ సంగతి చెప్పకపోవడం నా తప్పు. నన్ను క్షమించమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తొడిమలు తీస్తూనే ఉన్నది. కొంతసేపు కూర్చొని వచ్చేశాను.

బైబిలు దాచిపెట్టని కన్నీళ్ళు

ఆ రాత్రి యోబు గ్రంథం మళ్ళీ తెరిచాను. యోబు స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని ప్రక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదే. నోరు తెరిచి, నీలో ఏదో దోషం ఉండబట్టే ఈ శ్రమ వచ్చిందని వాదించడం మొదలుపెట్టిన తర్వాతనే తప్పిపోయారు. చివరి అధ్యాయంలో దేవుడు కోపించినది ఎవరిమీద? కుమిలి కుమిలి ప్రశ్నించిన యోబు మీద కాదు, దేవుని పక్షాన మాట్లాడుతున్నామని అనుకున్న ఆ స్నేహితుల మీద.

ఏలీయాను చూడండి. కర్మెలు కొండమీద అంత గొప్ప కార్యం చూచినవాడు, ఆ తర్వాత ప్రాణభయంతో పారిపోయి అరణ్యంలో బదరీ చెట్టు క్రింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతనికి వెంటనే ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్ళు పెట్టించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ పెట్టించాడు. ఆ తర్వాతనే ప్రయాణం, ఆ తర్వాతనే మాట.

చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను, రావలసినవాడవు నీవేనా అని యేసు ప్రభువు దగ్గరకు కబురు పంపాడు. ప్రభువు అతణ్ణి అవిశ్వాసి అనలేదు. అతని శిష్యులు వెళ్ళిన తర్వాత జనసమూహం ఎదుట అతణ్ణి పొగిడాడు.

ఇక 88వ కీర్తన. చాలా కీర్తనలు కన్నీళ్ళతో మొదలై స్తుతితో ముగుస్తాయి. ఇది అలా కాదు, చీకటితోనే ముగుస్తుంది. అయినా పరిశుద్ధాత్మ దేవుడు దానిని బైబిలులో ఉంచాడు. ఎందుకు? ఆ కీర్తన వ్రాసిన భక్తుడు చీకటిలో ఉన్నా దేవునితోనే మాట్లాడుతున్నాడు. తనను రక్షించే దేవుడని పిలిచి మరీ మొర పెట్టుకుంటున్నాడు. ఫిర్యాదు కూడా దేవుని దగ్గరికే తీసుకుపోయేవాడు విశ్వాసం విడిచినవాడు కాడు.

ఇద్దరు పట్టుకున్న చేతులు

రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజున మోషే కొండమీద చేయి ఎత్తినప్పుడు ఇశ్రాయేలీయులు గెలుస్తున్నారు, దించినప్పుడు ఓడిపోతున్నారు. మోషే అంతటివాడికి కూడా చేతులు నిలువలేదు. అహరోను, హూరు అతణ్ణి నిందించలేదు. కూర్చోవడానికి ఒక రాయి వేశారు. ఒకరు ఈ ప్రక్కన, ఒకరు ఆ ప్రక్కన నిలిచి సూర్యుడు అస్తమించేదాకా అతని చేతులు పట్టుకున్నారు.

మనం విశ్వాసాన్ని ఒంటరిగా మోయవలసిన మూట అనుకుంటున్నాము. అందుకే జారిపోయినప్పుడు సిగ్గుపడి దాక్కుంటున్నాము. ప్రియులారా, దేవుడు మనలను సంఘంగా చేర్చినది ఇందుకే. నేను ప్రార్థించలేని రోజున నా ప్రక్కవాడు నా కోసం ప్రార్థిస్తాడు. అతడు పాడలేని రోజున నేను పాడతాను.

కొండమీద ఐదుగురు

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి ఒక సాక్ష్యం ఉన్నది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు తెలుగువారి మధ్యకు వచ్చినది 1836లో. 1840లో నెల్లూరు చేరారు. సంవత్సరాలు గడిచినా ఫలితం చాలా స్వల్పం. ఇంత ఖర్చు ఎందుకు, ఈ మిషనును మూసివేద్దామా అని 1853లో అమెరికాలోని వారి సభలో చర్చ జరిగింది. కొనసాగించాలనే తీర్మానించారు గాని, దీనికి ఒంటరి నక్షత్రమనే పేరు మాత్రం పడిపోయింది.

1854 జనవరి 1 తెల్లవారకముందు జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కారు. మొత్తం ఐదుగురు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించి దిగివచ్చారు. మరునాడు ఏమీ జరగలేదు. మరుసటి సంవత్సరమూ జరగలేదు. క్లౌ గారు ఒంగోలులో కాపురం పెట్టినది 1866లో. 1867 జనవరి 1న, సరిగ్గా 13 సంవత్సరాలకు, ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

1876-78 మహా కరవులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం త్రవ్వించే పని కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశారు. తిండి కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని ఆ కాలంలో బాప్తిస్మములు ఆపివేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాము. కాని నిరుత్సాహంలో ఉన్నవారికి నేను చూపించదలిచినది ఆ 2,222ను కాదు. మొదట వచ్చిన డే గారు 1871లోనే మరణించారు. ఆ దినాన్ని ఆయన చూడలేదు. చూడకపోయినంత మాత్రాన ఆయన విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా? కొండ దిగిన ఆ ఐదుగురికి ముందు ఏమి జరుగనున్నదో తెలియదు. వారికి తెలిసినవి రెండే: ప్రార్థన వినే దేవుడున్నాడు, తమ ప్రక్కన మరి నలుగురున్నారు.

హబక్కూకు ప్రవక్త కూడా, ఎంతకాలం ప్రభువా అని అడుగుతూనే తన గ్రంథం మొదలుపెట్టాడు. మూడవ అధ్యాయం చివరకు వచ్చేసరికి చెట్లకు కాపు లేదు, పొలంలో పంట లేదు, దొడ్లో పశువు లేదు. పరిస్థితి ఏమీ మారలేదు. అయినా దేవునియందే సంతోషిస్తానని నిశ్చయించుకున్నాడు. మన భాషలో చెప్పుకోవాలంటే, మిరప తెగులు పడి పోయినా, కౌలు బాకీ మిగిలినా, పెట్టిన దరఖాస్తుకు జవాబు రాకపోయినా, ఆయన నా దేవుడే.

మన ఇళ్ళలో

శ్రమలో ఉన్న కుటుంబాలకు నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, మీ గుండెలో ఉన్నదే దేవునికి చెప్పండి. అందమైన మాటలు అక్కరలేదు. మాటలే రాకపోతే ఒక కీర్తన తెరిచి మెల్లగా చదవండి, అదే మీ ప్రార్థన.

రెండు, శరీరాన్ని అశ్రద్ధ చేయకండి. ఏలీయాకు ముందు రొట్టె, నిద్ర దొరికాయి. నిద్ర పట్టకపోయినా, బ్రతకాలని అనిపించకపోయినా దాచుకోకుండా ఇంట్లో చెప్పి, వైద్యుణ్ణి కలవండి. అది అవిశ్వాసం కాదు.

మూడు, అప్పు ఉంటే భార్యాభర్తలు ఒకరి దగ్గర ఒకరు దాచకండి. దాచిన భారం రెట్టింపు బరువు.

నాలుగు, ఆదివారం మానకండి. పాడలేకపోతే ఊరకనే కూర్చోండి. మీ బదులు సంఘం పాడుతుంది.

సంఘ పెద్దలకు, నాతోటి కాపరులకు ఒక్కమాటే: ఇతరుల విశ్వాసాన్ని త్రాసులో వేసి తూచకండి. మన పని చేతులు పట్టుకోవడమే.

తర్వాతి ఆదివారం ప్రసంగ పీఠం మీదనుండి, మరణం జరిగిన ఇంటిని విశ్వాసం చాలలేదని నిందించడం వాక్యానుసారం కాదని చెప్పాను. ఆ పెద్దాయనతో ఏకాంతంగా కూడా మాట్లాడాను. ఆయన నేటికీ నాతో ముభావంగానే ఉన్నారు. స్త్రీల సమాజంవారు ప్రతి శుక్రవారం ఆ సహోదరి వరండాలోనే కూడుకోవడం మొదలుపెట్టారు. ముందు ఒక గంట అందరూ కలిసి తొడిమలు తీస్తారు, తర్వాత ప్రార్థన. చాలా వారాలు ఆమె నోరు తెరవలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. ఒక శుక్రవారం మాత్రం, "ప్రభువా, వీళ్ళను పంపినందుకు స్తోత్రం" అని ఆగిపోయిందట. అంతే.

ఆమె బాకీ ఇంకా తీరలేదు. అయితే పోయిన నెల ప్రభువు బల్లకు వచ్చింది. రొట్టె అందించేటప్పుడు ఆమె చేతులు చూచాను, మిరప ఘాటుకు వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులు చాచే ఉన్నాయి.

ప్రార్థన: దయగల తండ్రీ, నిన్ను పట్టుకొనే బలం మాకు లేని రోజున నీవే మమ్మును పట్టుకొనుము. మా ప్రక్కన అలసిన వారిని చూచే కన్నులు, నిందించక నిలువబెట్టే చేతులు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.